ఓమ్ మాస్టారూ, మా బాబాయి కారు హారనూ

ఓమ్ నియమం చెప్పమని అర్ధరాత్రి నిద్ర లేపి అడిగినా తడుముకోకుండా చెప్పగలను. ఉష్ణోగ్రత మారనంతవరకు వాహకం గుండా పోయే విద్యుత్ప్రవాహం దాని రెండు కొనల మధ్య పొటెన్షియల్ భేదానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వి ఈక్వల్ టు ఐ ఆర్. పదో తరగతిలో రాశాను, ఇంటర్మీడియట్‌లో రాశాను, ఇక్కడ లాబ్ రికార్డులోనూ రాశాను. రాసిన ప్రతిసారీ మార్కులు పడ్డాయి. అయినా ఆ నియమం నాకు నిజంగా అర్థమయింది పోయిన వేసవి సెలవుల్లో, మా బాబాయి కారులోంచి పొగ లేచిన రోజున. ఆ సిగ్గుతోనే, ఇంతకీ ఈ ఓమ్ ఎవరు, ఎలా బతికాడు అని లైబ్రరీలో కూర్చుని చదివాను. తెలుసుకున్నది మిత్రులతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

ముందు కారు సంగతి చెప్పాలి. మాది గుంటూరు జిల్లాలో సాగర్ కాలవ చివరనున్న ఊరు. అందరం వ్యవసాయం మీద బతికేవాళ్ళమే. బాబాయి ఒక పాత కారు కొన్నాడు. ఇంజను బాగానే ఉంది గాని హారను గొంతు పూడిపోయింది. రోడ్డుకడ్డంగా పోయే గేదె చెవి కూడా కదిలించేది కాదు. బాబాయి బజారుకు పోయి నత్తగుల్ల ఆకారంలో ఉండే జత హారన్లు తెచ్చాడు. ఏరా అబ్బాయ్, ఫిజిక్సు చదువుతున్నావుగా, నువ్వే బిగించెయ్యరాదూ అన్నాడు. నేను కాదంటానా? పాత హారను తీగలు రెండూ పీకి, కొత్తవాటికి చేత్తో మెలిపెట్టి, టేపు చుట్టి, మోగించాను. మోగింది. కాకపోతే కొట్లో బ్యాటరీకి తగిలించి చూపించినప్పుడు దిక్కులదిరిన శబ్దం కారులో సగమే ఉంది. పైగా రెండుసార్లు ఫ్యూజు పోయింది. పదాంపియర్ల ఫ్యూజు నిలవడం లేదని ఇరవైది పెట్టాను. ఇక పోలేదు. అంతా నన్ను మెచ్చుకున్నారు.

పది రోజులకు బాబాయీ, పిన్నీ, ఆరేళ్ళ చెల్లీ, నేనూ పెళ్ళికి బయల్దేరాం. దారిలో గేదెల మంద అడ్డొస్తే బాబాయి హారను గట్టిగా నొక్కిపట్టాడు. చెయ్యి తీశాక కూడా అది ఆగలేదు. స్టీరింగు కిందనుంచి రబ్బరు కాలిన వాసన, వెంటనే పొగ. పిన్ని చెల్లిని చంకనేసుకుని తుమ్మచెట్టు కిందికి పరుగెత్తింది. నేను బానెట్ ఎత్తి, పదో నంబరు స్పానరుతో బ్యాటరీ తీగ ఊడదీసేసరికి నా చేతులు వణుకుతున్నాయి. ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో ఇప్పుడు తల్చుకున్నా ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక ఓమ్ గారి దగ్గరికి వద్దాం.

గేయార్గ్ సైమన్ ఓమ్ జర్మనీ దేశంలోని ఎర్లాంగెన్ పట్టణంలో 1789 మార్చి 16వ తేదీన జన్మించారు. తండ్రి యోహాన్ తాళాలు చేసే పనివాడు. తల్లి ఒక దర్జీ కూతురు. ఏడుగురు బిడ్డలు పుడితే ముగ్గురే బతికారు. గేయార్గ్‌కు పదేళ్ళ వయసులో తల్లి పోయింది. తండ్రికి బడి చదువు లేదు. అయినా తనంతట తాను గణితమూ, భౌతిక శాస్త్రమూ, రసాయన శాస్త్రమూ నేర్చుకుని, కొడుకులిద్దరికీ ఇంట్లోనే చెప్పాడు. ఆ రెండో కొడుకు మార్టిన్ కూడా తర్వాత పేరున్న గణిత శాస్త్రజ్ఞుడయ్యాడు. పగలంతా ఇనుము అరగదీసి, రాత్రి దీపం దగ్గర పిల్లలకు లెక్కలు చెప్పిన ఆ తండ్రిని తల్చుకుంటే నాకు మా నాన్న గుర్తొస్తాడు. మా నాన్న చదివింది ఏడో తరగతి. లెక్కలు చెప్పలేడు గాని, ఫీజు కట్టే నెలలో మిరపకాయల ధర ఎంతున్నా అమ్మేస్తాడు.

1805లో ఓమ్ ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో చేరారు. ఇక్కడ మన హాస్టల్ మిత్రులు చెవి ఒగ్గి వినాలి. చేరినవాడు చదువు పక్కన పెట్టి నాట్యాలూ, మంచు మీద జారుళ్ళూ, బిలియర్డ్సు బల్లలూ పట్టుకు తిరిగారు. కష్టపడి చదివిస్తుంటే ఇదా నువ్వు చేసేదని తండ్రికి ఒళ్ళు మండింది. మూడు సెమిస్టర్లు కాగానే చదువు మాన్పించి స్విట్జర్లాండ్ పంపించాడు. అక్కడ గాట్‌స్టాట్ అనే ఊరి బడిలో 1806లో గణితం పంతులుగా చేరేనాటికి ఓమ్ వయసు పదిహేడు. బుద్ధి వచ్చినట్టే ఉంది, ఆయిలర్, లాప్లాస్ వంటి మహామహుల గ్రంథాలు సొంతంగా చదవడం మొదలుపెట్టారు. 1811లో తిరిగి ఎర్లాంగెన్ వచ్చి, అదే ఏడాది డాక్టరేటు పుచ్చుకున్నారు.

డాక్టరేటు వచ్చింది గాని తిండికి చాలే ఉద్యోగం రాలేదు. విశ్వవిద్యాలయంలో మూడు సెమిస్టర్లు పాఠాలు చెప్పి, ఆ రాబడితో బతకలేక మానుకున్నారు. 1813లో బాంబెర్గ్ పట్టణంలో ఒక చిన్న బడిలో చేరారు. 1816లో ఆ బడీ మూతపడింది. తీరిక వేళల్లో రాసుకున్న రేఖాగణితం పుస్తకం 1817లో అచ్చయితే, దాన్ని ప్రష్యా రాజు ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ గారికి పంపారు. ఆ పుస్తకమే అన్నం పెట్టింది. కొలోన్ నగరంలోని జెసూట్ ఉన్నత పాఠశాలలో గణితమూ, భౌతిక శాస్త్రమూ చెప్పే ఉద్యోగం దొరికింది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ బడిలో మంచి ప్రయోగశాల ఉంది.

1820లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఎర్‌స్టెడ్ ఒక వింత చూపించాడు. విద్యుత్తు పోయే తీగ దగ్గర అయస్కాంత సూది పెడితే అది పక్కకు తిరుగుతుంది. యూరప్ అంతా దాని మీద పడింది. ఓమ్ కూడా బడి వదిలాక ప్రయోగశాలలో కూర్చోసాగారు. ఆయన పట్టుకున్న ప్రశ్న చాలా సాదాసీదాది. తీగ పొడవు పెరిగితే ప్రవాహం ఎంత తగ్గుతుంది? ఈనాడు మనకు అమ్మీటరు ఉంది, వోల్టుమీటరు ఉంది. ఆయనకు రెండూ లేవు. అసలు వోల్టు, ఆంపియరు అనే కొలమానాలే అప్పటికి పుట్టలేదు. సన్నని లోహపు తీగకు ఒక అయస్కాంత సూదిని వేలాడదీసి, ప్రవాహానికి ఆ సూది పక్కకు పోతే, పైన మర తిప్పి మళ్ళీ మొదటి చోటికి తెచ్చి, ఎంత తిప్పవలసి వచ్చిందో దాన్నిబట్టి ప్రవాహాన్ని లెక్కగట్టారు.

1825లో మొదటి వ్యాసం ప్రకటించారు. అందులో ఆయన ఇచ్చిన సూత్రం తప్పు! ఆనాటి బ్యాటరీ నమ్మకమైనది కాదు. తీగ తగిలించగానే ప్రవాహం ఒక్కసారి ఎగసి, అంతలోనే నీరుగారిపోయేది. అచ్చయిన తప్పును కప్పిపుచ్చుకోవడానికి దారులు చాలా ఉంటాయి. ఓమ్ ఆ పని చేయలేదు. పత్రిక సంపాదకుడు పొగెన్‌డార్ఫ్ సలహా మీద బ్యాటరీ పక్కన పడేసి ఉష్ణయుగ్మం పట్టుకున్నారు. 1821లో థామస్ సీబెక్ కనిపెట్టిన విద్య అది. బిస్మత్, రాగి ముక్కలను రెండు చోట్ల అతికి, ఒక అతుకును మరిగే నీటి వేడిలోనూ, రెండోదాన్ని మంచులోనూ ఉంచితే నిలకడైన విద్యుత్తు పుడుతుంది. మరిగే నీరూ, కరిగే మంచూ మాట తప్పవు కదా! ఒకే మందం గల రాగి తీగలు ఎనిమిది తీసుకున్నారు. పొడవులు 2, 4, 6, 10, 18, 34, 66, 130 అంగుళాలు. ఒక్కొక్కటే తగిలించి కొలిచారు. మళ్ళీ మళ్ళీ కొలిచారు. 1826లో సరైన సూత్రం దొరికింది.

ఆ సూత్రం మన పాఠ్యపుస్తకంలో ఉన్న రూపంలో లేదు. ప్రవాహం కావాలంటే ఒక సంఖ్యను ఇంకో రెండు సంఖ్యల మొత్తంతో భాగించాలి. పైనున్నది విద్యుత్తును తోసే బలం. కింద ఉన్న రెంటిలో ఒకటి మనం తగిలించిన తీగ పొడవు. రెండోది వలయంలో మిగతా భాగమంతా. అంటే ఉష్ణయుగ్మం, దాని అతుకులు, ముట్టుకునే చోట్లు, మన కంటికి ఆనని నిరోధమంతా. ఆ రెండో సంఖ్యను నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. కారులో నేను మరిచిపోయింది సరిగ్గా అదే.

మరుసటి ఏడు, 1827లో, సగం జీతం మీద సెలవు పెట్టి బెర్లిన్‌లో తమ్ముడి దగ్గర ఉంటూ, విద్యుద్వలయాల మీద గణిత గ్రంథం అచ్చువేశారు. వేడి లోహంలో ఎలా పారుతుందో ఫ్రాన్సు దేశపు ఫోరియర్ 1822లో చెప్పాడు. అదే పద్ధతిలో విద్యుత్తు తీగలో పారుతుందని ఓమ్ నిరూపించారు. మా భాషలో చెప్పాలంటే కాలవలో నీళ్ళు. తూము దగ్గర ఎంత ఎత్తున ఉన్నా, బోదె సన్నమై, పొడుగై, మధ్యలో నాచు పట్టి ఉంటే చివరి మడికి తడి కూడా చేరదు. మా ఊళ్ళో ఈ నియమం తెలియని రైతు లేడు. పేరు మాత్రం తెలియదు.

ఈ పుస్తకంతో పెద్ద ఉద్యోగం వస్తుందని ఓమ్ ఆశపడ్డారు. వచ్చింది ఈసడింపు. ప్రకృతిని గణితంతో కొలవడమేమిటని బెర్లిన్‌లో కొందరు ముఖం తిప్పుకున్నారు. విమర్శకులు పుస్తకాన్ని చీల్చి చెండాడారు. ఆయన మనసు విరిగి 1828లో కొలోన్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చారు. అప్పటికి వయసు ముప్పై తొమ్మిది. పెళ్ళి లేదు, స్థిరమైన కొలువు లేదు. ఆ తర్వాత అయిదేళ్ళు బెర్లిన్‌లో మిలటరీ పాఠశాలలో వారానికి కొద్ది గంటలు లెక్కలు చెప్పుకుంటూ గడిపారు. 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో చోటు దొరికింది. ఈనాడు ప్రపంచంలో ప్రతి విద్యుత్ యంత్రం ఎవరి లెక్క మీద నడుస్తున్నదో, ఆయన పరిస్థితి ఆనాడు అది.

గుర్తింపు బయటి దేశం నుంచి వచ్చింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ వారు తమ అత్యున్నత పురస్కారం కాప్లీ పతకాన్ని ఓమ్‌కు ఇచ్చారు. మరుసటి ఏడు విదేశీ సభ్యునిగా ఎన్నుకున్నారు. అప్పుడుగాని సొంతవాళ్ళు కళ్ళు తెరవలేదు. 1849లో మ్యూనిక్‌కు పిలిచారు. 1852లో అక్కడి విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్ర పీఠం ఇచ్చారు. కుర్రతనం నుంచి కోరుకున్న ఆచార్య పదవి అరవై మూడో ఏట దక్కింది. దాన్ని అనుభవించింది రెండేళ్ళే. 1854 జూలై 6వ తేదీన మ్యూనిక్‌లో కన్నుమూశారు. 1881లో పారిస్‌లో సమావేశమైన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధానికి కొలమానంగా ఆయన పేరును స్థిరపరిచింది.

హారను కథలో ఆయనకు ఇంకో వాటా కూడా ఉందని చదివాక గాని తెలియలేదు. 1843లో ఓమ్ ధ్వని మీద ఒక నియమం ప్రతిపాదించారు. ఎంత కలగలిసిన ధ్వని అయినా మన చెవి దాన్ని విడి విడి శుద్ధ స్వరాలుగా విడదీసి వింటుందని దాని సారం. దీనిమీద ఆయనతో గట్టిగా వాదానికి దిగినవాడు ఆగస్ట్ సీబెక్. ఉష్ణయుగ్మం కనిపెట్టిన థామస్ సీబెక్ కొడుకే! తండ్రి విద్య ఓమ్‌కు దారి చూపిస్తే కొడుకు అడ్డం తిరిగాడన్నమాట. ఓమ్ పోయిన తర్వాత 1863లో హెల్మ్‌హోల్ట్జ్ తన గ్రంథంలో ఆయన పక్షాన నిలిచాడు. బాబాయి తెచ్చిన జతలో ఒక హారను స్వరం సెకనుకు సుమారు 400 కంపనాలు, రెండోది సుమారు 500. సంగీతం తెలిసినవాళ్ళు షడ్జమమూ అంతర గాంధారమూ అంటారు. రెండూ ఒక్కసారే మోగినా వేరు వేరుగా చెవికి తెలుస్తాయి. రకరకాల స్వరాలు ఒకదాని వెంట ఒకటి పలికే హారన్లను మాత్రం 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు నిషేధించాయి. బిగించుకోబోయేవాళ్ళు గమనించాలి.

సరే, కారును తాడు కట్టి పట్నంలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి లాక్కుపోయాం. ఆయన పదో తరగతి తప్పినవాడు. కాలిన తీగ చూసి, హారను మీద ఎన్ని ఆంపియర్లని రాసి ఉందో చూశావా తమ్ముడూ అని అడిగాడు. చూడలేదు. ఒక్కొక్కదాని మీద పన్నెండు వోల్టులు, అయిదు ఆంపియర్లు అని అచ్చు గుద్ది ఉంది. రెండూ కలిసి పది. పాత హారను తీసుకునేది నాలుగు. ఏం చదువుతున్నావని అడిగితే, బి.యస్సీ. ఫిజిక్సు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బాబాయే చెప్పాడు. ఎలక్ట్రీషియన్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి కాగితం తీసి, రెండేళ్ళుగా రాస్తున్న లెక్కనే మళ్ళీ వేశాను. మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు మందం గల రాగి తీగ నిరోధం 0.0172 ఓములు. కారులో పాత తీగ అర చదరపు మిల్లీమీటరు. మీట దాకా పోయే తీగ అంతా కలిపి నాలుగు మీటర్లు. నిరోధం 0.14 ఓములు దగ్గర. పది ఆంపియర్లు పోతే 1.4 వోల్టులు దారిలోనే హరించుకుపోతాయి. ఇంకా నేను మెలిపెట్టిన అతుకులూ, అరిగిన మీటా, తుప్పు పట్టిన ఎర్తూ ఉన్నాయి. ఓమ్ గారి రెండో సంఖ్య అదే. అందుకే శబ్దం సగమయింది. పోయిన ఆ వోల్టులు వేడిగా మారతాయి. ప్రవాహం వర్గాన్నిబట్టి వేడి పెరుగుతుందని జౌల్ చెప్పాడు. నాలుగు ఆంపియర్లకు ఆ తీగలో పుట్టేది రెండు వాట్లకు కాస్త పైన. పదింటికి పద్నాలుగు వాట్లు. వదులు అతుకు దగ్గర ఆ వేడి ఒక్కచోటే గుమిగూడింది. ఎండి పగిలిన తొడుగు కరిగి తీగ కారు బాడీకి తగిలింది. ఆ కారులో మీట నొక్కడమంటే తీగను ఎర్తుకు కలపడమే కాబట్టి, ఇక హారను ఎందుకాగుతుంది? పదాంపియర్ల ఫ్యూజు రెండుసార్లు పోయి నన్ను హెచ్చరించింది. ఆ తీగను కాపాడవలసినది అదే. నేను దాని నోరు మూసి ఇరవైది పెట్టాను.

ఎలక్ట్రీషియన్ చేసిన పని చూస్తే సులువే. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీశాడు. నాలుగు కాళ్ళ రిలే ఒకటి హారన్ల దగ్గర బిగించాడు. బ్యాటరీ నుంచి రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ, బ్యాటరీ పక్కనే పదిహేను ఆంపియర్ల ఫ్యూజు, అక్కణ్ణుంచి రిలే ముప్పయ్యో నంబరు కాలుకు. ఎనభై ఏడో నంబరు నుంచి హారన్లకు. హారన్ల ఎర్తు తీగ బిగించేచోట రంగు గీకి లోహం మెరిసేదాకా శుభ్రం చేశాడు. కాలిన తీగ మార్చి, ఆ సన్నని కొత్త తీగలు రెండూ రిలే చుట్టకు కలిపాడు. చుట్ట నిరోధం సుమారు ఎనభై ఓములు, అంటే మీట గుండా పోయే ప్రవాహం 0.15 ఆంపియరే. బరువు మోసే దారి వేరు, కబురు మోసే దారి వేరు. లావు తీగ రెండు మీటర్లే కాబట్టి నిరోధం పదో వంతు, దారిలో పోయే వోల్టులూ పదో వంతు. మీట నొక్కితే కొట్లో విన్న శబ్దం మళ్ళీ వినబడింది.

ఇంటికొచ్చాక నాన్నకు అంతా విప్పి చెప్పాను. తిడతాడనుకున్నాను. ఓమ్ తండ్రిలాగా ఎక్కడికైనా పంపించేస్తాడేమోననీ అనుకున్నాను. ఆయన కాసేపు ఊరుకుని, బోదె చూసుకోకుండా తూము ఎత్తితే గట్టు తెగదా మరి అన్నాడు. అంతే. రెండు వందల ఏళ్ళ నాటి జర్మన్ గ్రంథం సారం ఆ ఒక్క మాటలో ఉందనిపించింది.

ఓమ్ గారు అచ్చయిన తన తప్పును తానే దిద్దుకున్నారు. దానికి ఆయనకు పట్టింది ఒక్క ఏడాది. లోకం ఆయన విషయంలో తన తప్పు దిద్దుకోవడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. నేను నా తప్పును ఈ సంచికలో అచ్చువేయించుకుంటున్నాను. ఆ కాలిన తీగ ముక్క నా లాబ్ రికార్డులో, ఓమ్ నియమం ప్రయోగం రాసిన పేజీలో, టేపు వేసి అంటించి ఉంది. కావలసినవాళ్ళు వచ్చి చూడవచ్చు.